నల్లా ఎన్నింటికి వస్తది? రెండు మూడు స్కూళ్ల పిల్లలతో ఆన్‌లైన్ పరిశోధన ప్రాజెక్టు చేయించడం ఇలా

ప్రాజెక్టు వర్క్ ఇస్తే మన పిల్లలు ఏం చేస్తారో మీకు తెలియనిది కాదు. నేరుగా జిరాక్స్ షాపుకి పోయి "అంకుల్, నీటి కాలుష్యం, రెండు పేజీలు, కలర్" అంటారు. ఆయన దగ్గర పోయినేడాది ఫైల్ రెడీగా ఉంటుంది. ఆ ప్రింటు తెచ్చి చార్టు మీద అతికించి, చుట్టూ స్కెచ్ పెన్నుతో బార్డర్ గీస్తారు. మనం కూడా చూసీ చూడనట్టు ఐదుకి నాలుగు వేసేస్తాం. ఇందులో పిల్లల్ని అనడానికి ఏమీ లేదు. మనం అడిగిన ప్రశ్నే జిరాక్స్ షాపు ప్రశ్న.

ఇంకో స్కూల్‌తో కలిపి ఆన్‌లైన్‌లో చేయిస్తే ఈ జబ్బు తగ్గుతుందనుకుంటాం. తగ్గదు, ముదురుతుంది. నేను మొదటిసారి చేయించింది "మన హైదరాబాద్ చరిత్ర". బోరబండ వైపు మా స్కూలు, పాతబస్తీలో పనిచేసే స్నేహితుడి స్కూలు. ఒకరికొకరు పీపీటీలు పంపుకోవాలి. మా పిల్లలు చార్మినార్ 1591లో కట్టారని పంపారు. వాళ్లూ చార్మినార్ 1591లో కట్టారనే పంపారు. ఫోటో కూడా అదే. ఇంటి నుంచి చార్మినార్‌కి నడిచి వెళ్లగల పిల్లలు సైతం నెట్‌లో ఫోటోనే పెట్టారు. ఇద్దరి దగ్గరా ఒకే సరుకు ఉంటే ఇక బేరం ఏముంటుంది?

అప్పటి నుంచి నాది ఒక్కటే నియమం. ప్రతి పిల్లవాడి దగ్గరా అవతలి స్కూల్ పిల్లల దగ్గర లేనిది ఒకటి ఉండాలి. అది అందకపోతే అవతలివాళ్ల పని ఆగిపోవాలి. ఈ రెండూ కుదిరితే మీరు వెంటపడి చేయించనక్కర్లేదు, వాళ్లే ఒకరి వెంట ఒకరు పడతారు. తర్వాత చేసిన నీళ్ల ప్రాజెక్టునే ఉదాహరణగా పెట్టుకుని, ఏ పని తర్వాత ఏ పని చేయాలో చెప్తాను. తరగతి ఎనిమిది, నాలుగు వారాలు, మూడు స్కూళ్లు.

ముందు ప్రశ్న తేల్చుకోండి

1995లో శాన్‌డియాగో స్టేట్ యూనివర్సిటీ ప్రొఫెసర్ బెర్నీ డాడ్జ్, టామ్ మార్చ్‌తో కలిసి వెబ్‌క్వెస్ట్ అనే పద్ధతి తయారుచేశారు. మంచి వెబ్ పేజీలు టీచరే ముందుగా ఏరి పెడతారు, పిల్లలు వాటిని వాడుకుని ఒక పని పూర్తిచేస్తారు. వెతుక్కోవడంలో టైమ్ పోకుండా, దొరికినదాన్ని పట్టుకుని ఆలోచించాలన్నది వాళ్ల ఉద్దేశం. ఉద్దేశం ఇప్పటికీ మంచిదే. కాకపోతే అప్పుడు కష్టమల్లా సమాచారం దొరకడం. ఇప్పుడు చాట్‌జీపీటీని అడిగితే జవాబుతో పాటు ముగింపు వాక్యం కూడా అదే రాసిస్తుంది.

కాబట్టి ప్రశ్న అనుకున్నాక మొదటి పరీక్ష మీ ఫోన్ మీదే చేయండి. ఆ ప్రశ్నను ఉన్నదున్నట్టు ఫోన్‌ని అడగండి. నిమిషంలో పూర్తి జవాబు వచ్చేసిందా, ఆ ప్రశ్న వదిలేయండి. "హైదరాబాద్‌కు తాగునీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి?" అంటే మంజీరా, సింగూరు, కృష్ణా, గోదావరి అని టకటకా చెప్పేస్తుంది. "మా గల్లీలో నల్లా ఎన్నింటికి వస్తది, ఎంతసేపు వస్తది, ఆ నీళ్లు ఇంటిల్లిపాదికీ సరిపోతున్నాయా?" అని అడగండి, దాని దగ్గర ఏమీ లేదు. ఆ జవాబు ఉన్నది ఆ ఇంట్లో పిల్లల దగ్గరే.

అలాగని రెండోదొక్కటే సరిపోదు. అదొక్కటే ఇస్తే లెక్కలు రాసిన కాపీలు మిగులుతాయి, అంతే. రెండింటినీ ముడిపెట్టాలి. మేం పెట్టుకున్న ప్రశ్న ఇది: "మన ఇళ్లకు నీళ్లు ఒకేలా వస్తున్నాయా? తేడా ఉంటే ఎందుకు?" మొదటి సగానికి జవాబు ఇంటి దగ్గర దొరుకుతుంది, రెండో సగానికి నాలుగు పేజీలు చదవాలి, నలుగురిని అడగాలి.

ఇంకో చిన్న పరీక్ష కూడా ఉంది. ఆ ప్రశ్నకు జవాబు మీకు ముందే తెలుసా? తెలిస్తే పిల్లలు జవాబు వెతకరు, మీ ముఖంలో జవాబు వెతుకుతారు.

నీళ్లు మీకు కుదరకపోతే ఎర్రగడ్డ రైతుబజార్‌లో టమాటా ధర, అదే రోజు మీ గల్లీలో బండి మీద ధర తీసుకోవచ్చు. వాన పడితే ఏ మూల మీద నీళ్లు నిలుస్తాయో, ఎంతసేపటికి పోతాయో చూడొచ్చు. 2020 అక్టోబర్ వానలు చూసిన ఊరికి ఆ ప్రశ్న విలువ చెప్పక్కర్లేదు. బస్టాపులో బస్సు కోసం ఎంతసేపు నిలబడ్డారన్నది కూడా మంచి ప్రశ్నే, కాకపోతే అన్ని స్కూళ్ల పిల్లలూ బస్సెక్కరు.

జోడీ స్కూల్‌ని వెతకండి

దీనికి పెద్ద పోర్టళ్లు అక్కర్లేదు. స్కూల్ కాంప్లెక్స్ మీటింగుల్లో మీ సబ్జెక్టు టీచర్లు కలుస్తూనే ఉంటారు, టీ తాగేటప్పుడు అడగండి. చూడాల్సింది ఒక్కటే, ఆ స్కూల్ మీ స్కూల్‌లాంటిది కాకూడదు. మాకు మూడోది వికారాబాద్ దగ్గర పల్లెలో దొరికింది. మూసీ పుట్టేది ఆ పక్కనే, అనంతగిరి కొండల్లో. మా ఊళ్లో నది పేరెత్తితే ముక్కు మూసుకునే పిల్లలకు, అదే నది పుట్టేచోట ఉన్న పిల్లలతో మాట్లాడటమే ఒక పాఠం. పైగా వాళ్ల ఇళ్లకు వచ్చేవి మిషన్ భగీరథ నీళ్లు, మావి మెట్రో వాటర్ బోర్డు నీళ్లు. తేడా రావడానికి అదొక్కటి చాలు.

మూడు స్కూళ్లు దాటనివ్వకండి. టీచర్లు ముగ్గురూ కూర్చుని ఒక పేజీ రాసుకోండి. ఏ తరగతి, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ రోజు ఏం పంపాలి, ఎవరైనా సెలవు పెడితే ఎవరు చూస్తారు, ఇంతే. హెడ్మాస్టర్ల సంతకాలు దాని మీదే తీసుకోండి. దసరా సెలవులు, ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, ఏడాది మధ్యలో పెట్టే) పరీక్షలు మధ్యలో పడకుండా చూసుకోండి. మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక మొదలుపెడితే మాత్రం సగంలోనే ఆగిపోతుంది.

పని పంచేటప్పుడు

1971లో అమెరికాలో, టెక్సస్‌లోని ఆస్టిన్‌లో ఎలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వవేత్త ఒక పద్ధతి కనిపెట్టారు. నల్లజాతి, తెల్లజాతి పిల్లల్ని అప్పుడే ఒకే తరగతిలో కూర్చోబెట్టారు, గొడవలు జరుగుతున్నాయి. ఆయన పాఠాన్ని ముక్కలు చేసి ఒక్కో ముక్క ఒక్కో పిల్లవాడికి ఇచ్చారు. పక్కవాడు చెప్పేది వినకపోతే పరీక్షలో రాయడానికి ఏమీ ఉండదు. దాన్నే జిగ్సా పద్ధతి అంటారు. మన పనికి అతికినట్టు సరిపోతుంది.

మేం చేసింది చెప్తాను. స్కూలుకి 12 మంది చొప్పున 36 మంది. ఆరుగురికో గ్రూపు, ప్రతి గ్రూపులో మూడు స్కూళ్ల నుంచీ ఇద్దరిద్దరు. రోజూ ఇంటి దగ్గర చూసింది రాయడం 36 మందికీ ఉంటుంది. అంటే పట్టికలో అడ్డ వరుస ఒక్కో పిల్లవాడిది. కానీ నిలువు వరుస ఒక్కో గ్రూపుది. ఒక గ్రూపు అందరి ఇళ్లలో నల్లా వచ్చిన టైమ్ మాత్రమే చదువుతుంది. మరో గ్రూపు ఎంతసేపు వచ్చిందో, ఇంకో గ్రూపు ఎన్ని లీటర్లో చూస్తాయి. నిల్వ ఎందులో అనేది ఒక గ్రూపుకి, నీళ్లు పట్టింది ఎవరు అనేది ఒక గ్రూపుకి. ఆరో గ్రూపుకి అమ్మమ్మలు, తాతల కాలంలో నీళ్లు ఎట్లా తెచ్చుకునేవాళ్లో అడిగే పని. ఒక పిల్లవాడు తన వరుస నింపలేదంటే ఐదు గ్రూపుల లెక్కలో కంత పడుతుంది. వాళ్లే మీ దగ్గరికొచ్చి చెప్తారు.

లీడర్‌ని మాత్రం పెట్టకండి. లీడర్ అంటే మన దగ్గర మార్కులు బాగా వచ్చే అమ్మాయి, పనంతా ఆ ఒక్కతే చేస్తుంది.

కొలతలు కుదరకపోతే అంతా వృథా

అందరూ తొందరగా దాటేసే మెట్టు ఇది, నేనూ దాటేశాను. మొదటిరోజు వచ్చిన వరుసలు చూడండి.

"నల్లా పొద్దుగాల వచ్చింది. ఫుల్ పట్టినం."
"5 బిందెలు, 1 డ్రమ్ము."
"మోటర్ పెట్టినం, సంపు నిండింది."

మూడూ నిజాలే. మూడింటినీ పక్కపక్కన పెట్టి ఏమీ చెప్పలేం. పొద్దుగాల అంటే ఒకరికి నాలుగు, ఒకరికి ఏడు. మీ బిందె, మా బిందె ఒకటేనా?

అక్కడితో రాయడం ఆపేసి రెండు రోజులు కొలవడానికే ఇచ్చాం. లీటరు వాటర్ బాటిల్ పట్టుకుని ఇంట్లో బిందె నింపుతూ లెక్కపెట్టాలి. ఒకరి ప్లాస్టిక్ బిందె 12 బాటిళ్లు పట్టింది, ఇంకొకరిది 15. ఒకమ్మాయి వాళ్లింట్లో స్టీలు బిందె తొమ్మిదిన్నరకే నిండిపోయింది. "సార్, మా అమ్మ ఇన్నొద్దులు అందరికంటె మేమే ఎక్కువ పట్టుకుంటున్నం అనుకుంటుండె" అంది. డ్రమ్ముకి లోపల బిందెకొక గీత చొప్పున నెయిల్ పాలిష్‌తో గుర్తులు పెట్టుకున్నారు. ఆ ఐడియా నాది కాదు, పిల్లలదే. సంపు ఉన్నవాళ్లకి లెక్కల సార్ సాయం చేశారు. పొడవు, వెడల్పు, నీళ్లు పెరిగిన ఎత్తు అడుగుల్లో గుణిస్తే ఘనపుటడుగులు వస్తాయి, ఒక్కో ఘనపుటడుగుకి 28 లీటర్ల పైచిలుకు. కర్ర ముంచి తడి ఎక్కడిదాకా ఉందో చూస్తే ఎత్తు తెలిసిపోతుంది. చిన్నపిల్లల్ని సంపు మూత తీయనివ్వొద్దు, ఆ పని పెద్దవాళ్లే చేయాలని ముందే చెప్పండి.

ఇంకొకటి. నల్లా రాకపోతే సున్నా రాయాలి. ఆ రోజు పిల్లవాడు ఊరెళ్లాడు, లేదా నిద్రపోయాడు, చూడలేదు. అప్పుడు ఖాళీ వదలాలి. "రాలేదు", "చూడలేదు" ఒకటి కావు. ఈ ఒక్క ముక్క ఎనిమిదో తరగతిలో ఒంటబడితే ఆ పిల్లలు రేపు ఏ సర్వే చదివినా అక్కడే ముందు ఆగుతారు.

మూడు రోజులు ట్రయల్ నడపండి. ఆ మూడు రోజుల డేటా అవతల పారేసి నాలుగో రోజు నుంచి అసలుది మొదలుపెట్టండి.

ఫోన్లు, ఫారాలు, షీట్లు

ఆన్‌లైన్ అనగానే పిల్లల చేతిలో ఎప్పుడూ ఫోన్ ఉంటుందనుకోవద్దు. మా తరగతిలో చాలామంది ఇళ్లలో ఉన్నది ఒకటే ఫోన్, అది నాన్న జేబులో ఉంటుంది. ఆయన ఆటో నడిపి ఇంటికొచ్చేది రాత్రి తొమ్మిదికి. అందుకే మొదటి పరికరం నోట్‌బుక్. పొద్దున చూసింది అప్పుడే కాగితం మీద రాస్తారు. ఫోన్ దొరికినప్పుడు గూగుల్ ఫారమ్‌లో ఎక్కిస్తారు. రెండు మూడు రోజులవి ఒకేసారి ఎక్కించినా పర్లేదు, కాబట్టి ఫారమ్‌లో తేదీ ప్రశ్న తప్పకుండా ఉండాలి. అసలు ఫోనే లేని పిల్లలకి స్కూల్లో కంప్యూటర్ పీరియడ్ ఇవ్వండి, లేదా మీ ఫోనే ఇవ్వండి.

ఫారమ్‌లో ఆరు ప్రశ్నలు దాటకండి. ఫోటో అప్‌లోడ్ చేసే ప్రశ్న పెట్టారంటే గూగుల్ అకౌంట్‌తో లాగిన్ అవ్వాల్సిందే, సగం మంది అక్కడే ఆగిపోతారు. ఫోటోలు కావాలంటే టీచర్ వాట్సాప్‌కి పంపమనండి. మాకు పాతబస్తీ పిల్లలు ఉర్దూ మీడియం. ప్రశ్నలు తెలుగులోనూ ఉర్దూలోనూ పెట్టి, జవాబులు వీలైనంతవరకు అంకెల్లో ఉండేట్టు చూశాం. నాలుగు గంటల నలభై నిమిషాలు ఏ భాషలోనైనా 4:40 అనే రాస్తారు. అభిప్రాయాలు రాయాల్సినచోట వాయిస్ మెసేజ్ పెట్టమన్నాం, రెండు భాషలూ వచ్చిన పిల్లలు మిగతావాళ్లకి చెప్పారు. హైదరాబాద్‌లో అలాంటి పిల్లలకు కరువా?

ఫారమ్ జవాబులు పడే షీట్‌లో పిల్లలకు చూసే అనుమతి మాత్రమే ఇవ్వండి. ఉదారంగా ఎడిట్ ఇచ్చి నేను అనుభవించాను. రెండో వారంలో ఒక పిల్లవాడికి ఎక్కువ నీళ్లు ఎవరికి వస్తున్నాయో చూడాలనిపించింది. లీటర్ల వరుస ఒక్కటే సెలెక్ట్ చేసి పెద్దది పైకి వచ్చేట్టు సార్ట్ కొట్టాడు. మిగతా వరుసలు కదల్లేదు. రాత్రి పదకొండింటికి పల్లెటూరి టీచరమ్మ ఫోన్, "సార్, మా ఇళ్లలో ఒక్కరోజులో ఇన్ని నీళ్లెట్లొచ్చినయ్?" అని. వెర్షన్ హిస్టరీలోకి వెళ్లి సాయంత్రం ఆరింటి కాపీని వెనక్కి తెచ్చుకున్నాను కాబట్టి సరిపోయింది. ఆ బటన్ ఎక్కడుందో మొదటిరోజే చూసి పెట్టుకోండి. ప్రతి గ్రూపుకీ కాపీ తీసి ఇస్తే వాళ్లు దాన్ని ఎలా కావాలంటే అలా తిప్పుకుంటారు.

పేర్లు, ఫోన్ నంబర్ల విషయం

ఇందులో మొహమాటం వద్దు. పిల్లలందరినీ కలిపి వాట్సాప్ గ్రూపు పెట్టకండి. గ్రూపులో చేరితే అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. ఆడపిల్లల తల్లిదండ్రులు మర్నాడే స్కూల్‌కి వస్తారు, రావడం కూడా న్యాయమే. గ్రూపు టీచర్ల మధ్యే ఉండాలి. షీట్‌లో పేర్లు కాదు, కోడ్‌లు పెట్టండి. బీ-07, ఎస్-03, వీ-11 ఇలా. ఏ కోడ్ ఎవరిదో ఆ స్కూల్ టీచర్ నోట్‌బుక్‌లో మాత్రమే ఉండాలి. ఇంటి నంబర్, ముఖం కనపడే ఫోటో, లొకేషన్ ఏవీ వద్దు, గల్లీ పేరు వరకు చాలు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల డేటా తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటుంది. ఏం అడుగుతున్నాం, ఎక్కడ దాస్తున్నాం, ఎవరు చూస్తారు అని తెలుగులో అరపేజీ రాసి సంతకం తీసుకోండి.

"ఎందుకు" వైపు నడిపించడం

వారం రోజుల డేటా చేతిలో ఉంటే పిల్లలకి నెట్‌లో చదివేది వేరేగా కనిపిస్తుంది. అంతకుముందు "ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తయింది" అనేది బిట్టు ప్రశ్న. ఇప్పుడు అది తమ బిందెలోకి వచ్చే నీళ్ల కథ. అందుకే చదివించడం రెండో వారంలో పెట్టాను, ముందు కాదు.

డాడ్జ్ చెప్పినట్టు ఐదారు పేజీలు నేనే ఏరి పెట్టాను. వాటి నుంచి పిల్లలు కూర్చుకున్న వరుస ఇది. 1908 సెప్టెంబర్ 28న మూసీకి వరదొచ్చి ఊరు కొట్టుకుపోయింది. మళ్లీ అలా జరగకుండా ఏం చేయాలో చెప్పమని మోక్షగుండం విశ్వేశ్వరయ్యను నిజాం ప్రభుత్వం పిలిపించింది. ఆ ఆలోచనతోనే మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, దాని ఉపనది ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరద ఆపడానికి కట్టిన చెరువులే ఊరికి మంచినీళ్లిచ్చాయి. ఉస్మాన్‌సాగర్‌నే గండిపేట అంటారు, గండిపేట నీళ్లు తాగినోళ్లు ఈ ఊరు వదలరన్న మాట అట్లా వచ్చిందే. ఊరు పెరిగింది. 1960లలో మంజీరా నీళ్లొచ్చాయి. ఇప్పటికీ మా గల్లీల్లో ఎక్కడి నుంచి వచ్చినా నల్లా నీళ్లను మంజీరా నీళ్లనే అంటారు. ఆ తర్వాత సింగూరు, 2000 దాటాక నాగార్జునసాగర్ వైపు నుంచి కృష్ణా, 2015లో ఎల్లంపల్లి నుంచి గోదావరి. ఊరి పక్క చెరువు నుంచి మొదలై, వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో తోడుకొచ్చే దాకా. "అంత దూరంకెళ్లి వస్తయి గదా సార్, అందుకే రోజు విడిచి రోజు ఇడుస్తరా?" అన్నాడొకడు. అవునని చెప్పకండి, కాదనీ చెప్పకండి. "ఎట్లా తెలుసుకుందాం?" అనండి.

చదివేటప్పుడు లెక్కలు తేడా రావడం మంచి అవకాశం, దాన్ని దాచకండి. హుస్సేన్‌సాగర్ 1562లో కట్టారని కొన్నిచోట్ల, 1563 అని కొన్నిచోట్ల ఉంటుంది. 1908 వరదలో ఎంతమంది చనిపోయారన్నది 15 వేలని ఒకచోట, ఇంకోచోట మరో అంకె. "ఏది నిజం సార్?" అని నా వైపు చూశారు. బోర్డు మీద మూడు ప్రశ్నలు రాసి కూర్చున్నాను. ఈ మాట చెప్పింది ఎవరు? ఎప్పుడు చెప్పారు? వాళ్లకి ఎట్లా తెలిసి ఉంటుంది? మూడింటికీ జవాబు లేని పేజీ ఉంటే దాన్ని పక్కన పెట్టేయాలి. తేలకపోతే రెండు అంకెలూ రాసి, ఏది ఎక్కడ చూశారో పక్కన రాయాలి. చాట్‌జీపీటీ వాడొద్దని నేను అనను, అన్నా వింటారా? అది చెప్పిన ప్రతి అంకెనూ వేరే చోట వెతికి చూపించాలనేది షరతు. రెండుసార్లు దొరక్కపోయేసరికి వాళ్లకే అనుమానం అలవాటైంది.

మనుషుల్ని కూడా చదవాల్సిన పేజీలే అనుకోండి. వాల్వ్ తిప్పే లైన్‌మన్‌కి తెలిసినంత ఏ వెబ్‌సైట్‌లోనూ ఉండదు. అమ్మమ్మ "గండిపేట నీళ్లు తియ్యగా ఉండేవి" అంటే అది ఆమె జ్ఞాపకం. "అమ్మమ్మ అన్నది" అనే రాయాలి. నీళ్ల నాణ్యతకు దాన్ని రుజువుగా పెట్టకూడదు. టీడీఎస్ మీటర్ తెచ్చినా అంతే జాగ్రత్త. భారత ప్రమాణాల ప్రకారం తాగునీళ్లలో టీడీఎస్, అంటే కరిగిన లవణాలు, లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండటం మంచిది. కానీ ఆ మీటర్ చూపేది ఆ లవణాలనే, క్రిముల్ని కాదు. అంకె తక్కువ వచ్చింది కదా అని నీళ్లు మంచివని రాసేశారు మావాళ్లు, మళ్లీ కొట్టేయించాల్సి వచ్చింది.

లెక్కలు చేయించే చోటు కూడా ఇదే. ఈ ఊళ్లో ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితమనే పథకం 2021 జనవరిలో మొదలైంది. 30 రోజులకి భాగిస్తే రోజుకి 667 లీటర్లు. ఇంట్లో ఐదుగురుంటే మనిషికి 133. మిషన్ భగీరథలో పల్లెకి మనిషికి రోజుకు 100 లీటర్లు, కార్పొరేషన్లకి 150 అని పెట్టుకున్నారు. ఇక పిల్లలు తమ ఇంటి అంకెను ఆ పక్కన పెట్టుకుంటారు. తరగతి గదిలో ఆ పది నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు, పెన్నుల చప్పుడే.

ఒక్క వీడియో కాల్ చాలు

ప్రతివారం కాల్ పెట్టాలని ఉంటుంది, పెట్టకండి. హలో వినిపిస్తోందా అనడంలోనే పీరియడ్ అయిపోతుంది. మూడో వారంలో ఒక్కటి, నలభై నిమిషాలు. క్లాసులో ఐఎఫ్‌పీ ప్యానెల్ (పెద్ద టచ్ స్క్రీన్) ఉంటే దాని మీద, లేకపోతే ఒక లాప్‌టాప్, ఒక స్పీకర్. ప్రతి గ్రూపూ "మీ లెక్కల్లో మాకు అర్థం కానిది" అని ఒక్క ప్రశ్న ముందురోజే పంపాలి. కాల్‌లో వాటికే జవాబులు.

పల్లె పిల్లలు అడిగింది: "నల్లా రాని రోజు మీరేం తాగుతరు?" మావాళ్లు నవ్వారు. "క్యాన్ తెచ్చుకుంటం." క్యాన్ అంటే 20 లీటర్లది. అప్పుడు తట్టింది అందరికీ. రెండు వారాలుగా నల్లా నీళ్లు లెక్కపెడుతున్నాం కానీ కొనుక్కునే నీళ్లకి షీట్‌లో గడే లేదు. మాకు అది ఎంత మామూలంటే కంటికే ఆనలేదు. ఆ రాత్రే ఫారమ్‌లో ఏడో ప్రశ్న చేర్చి, దాన్ని నిల్వ చూసే గ్రూపుకి ఇచ్చాం. ఆరు ప్రశ్నలు దాటొద్దని పైన నేనే చెప్పాను, సరే.

నీళ్లు పట్టింది ఎవరు అనే గ్రూపు ఆ కాల్‌లో ఏమీ వ్యాఖ్యానించలేదు, తమ వరుసను చదివింది అంతే. అమ్మ, అమ్మ, అక్క, నేను, అమ్మ, నానమ్మ, అమ్మ. ఆ "నేను" రాసినవాళ్లు ఎక్కువగా అమ్మాయిలు. పొద్దున నాలుగున్నరకి లేచి పట్టి, ఎనిమిదిన్నరకి ప్రేయర్‌లో నిలబడేది వాళ్లే. మొదటి పీరియడ్‌లో ఎందుకు తూగుతారో నాకు ఆ రోజు అర్థమైంది.

మార్కులు

ఎఫ్ఏలో ప్రాజెక్టు పనికి ఎలాగూ మార్కులుంటాయి కదా, అందులోనే వేయండి. గ్రూపు మొత్తానికి ఒకే మార్కు వేయకండి. ప్రతి పిల్లవాడూ ఒక పేజీ తన చేత్తో రాయాలి. అందులో నేను చూసేవి మూడు. తన ఇంటి డేటా వాడాడా? అవతలి స్కూల్ పిల్లల నుంచి తెలిసినది ఒకటైనా ఉందా? "మా డేటాతో ఇది చెప్పలేం" అని ఒక్క వాక్యమైనా నిజాయితీగా రాశాడా? చేతిరాతకి, బార్డర్‌కి మార్కుల్లేవు. మొదట్లో తల్లిదండ్రులకి ఇది నచ్చదు, ఓపికగా చెప్పాలి.

చివరికి ఎవరికి చూపించాలి

పీపీటీ చేసి మనమే చూసుకుంటే మళ్లీ చార్టు కథే. మేం ఒక్కో గల్లీకి ఒక పేజీ రాయించాం. వారంలో నల్లా ఎన్నిసార్లు వచ్చింది, సగటున ఎంతసేపు, ఎన్ని లీటర్లు. కింద "ఇది ఇన్ని ఇళ్లలో, ఇన్ని రోజులు చూసిన లెక్క మాత్రమే" అని తప్పకుండా రాయాలి. దాన్ని కిరాణా షాపు గోడ మీద అంటించారు. నల్లా అసలు రాని రోజులు ఎక్కువున్న గల్లీ పిల్లలు తమ తేదీలు, టైములు జతచేసి వాటర్ బోర్డు సెక్షన్ ఆఫీసుకి ఉత్తరం రాశారు. ఫిర్యాదు నంబర్ 155313 కూడా పేజీ మీద వేశారు. ఉత్తరంలో తిట్లు, "వెంటనే చర్యలు తీసుకోవాలి" లాంటి పేపర్ భాష వద్దన్నాను. తేదీలు, టైములు, అంకెలు ఉంటే చాలు.

అన్నీ అయ్యాక ఫారమ్ మూసేయండి, లేకపోతే సంవత్సరమంతా ఎవరో ఒకరు నింపుతూనే ఉంటారు. కోడ్‌ల నోట్‌బుక్‌ని బీరువాలో పెట్టి తాళం వేయండి. షీట్‌కి ఒక కాపీ తీసి, దాని చివర్లో పిల్లలకి జవాబు దొరకని ప్రశ్నలు రాసి ఉంచండి. మా షీట్‌లో అలాంటివి పదకొండు ఉన్నాయి. మొదటిది బీ-07 రాసింది: "లైన్‌మన్‌కి ఫలానా టైంకి ఇడువుమని ఎవరు చెప్తరు?"